జాబితాకు అందని జనం: దొరకని సమూహాల నుంచి శాంపిల్ తీసే పద్ధతులు

సర్వే చేయాలంటే ముందు ఒక జాబితా కావాలి. ఓటర్ల జాబితా, ఇళ్ల జాబితా, బడి హాజరు పట్టీ, ఏదో ఒకటి. అందులోంచి యాదృచ్ఛికంగా కొందరిని ఎంచుకుంటే, ఎవరికి ఎంపికయ్యే అవకాశం ఎంతో ముందే తెలుస్తుంది. కొన్ని వందల మందిని అడిగి లక్షల మంది గురించి మాట్లాడే ధైర్యం ఆ ఒక్క విషయం తెలియడం వల్లే వస్తుంది. కానీ కొందరికి జాబితా ఉండదు. కొందరు జాబితాకెక్కడానికి ఇష్టపడరు. మరికొందరు ఎక్కినా, రాసిన చిరునామాలో కనిపించరు. ఫుట్‌పాత్ మీద పడుకునేవారు, సెక్స్ వర్కర్లు, ట్రాన్స్‌జెండర్ వ్యక్తులు, అడ్డా కూలీలు, గల్ఫ్ వలస కార్మికులు, సంచార జాతులు ఈ కోవకు వస్తారు. పరిశోధకులు వీరిని దొరకని సమూహాలు లేదా మరుగున ఉన్న సమూహాలు అంటారు. వీరి నుంచి శాంపిల్ తీయడానికి పుట్టిన పద్ధతులే ఈ వ్యాసానికి విషయం.

ఈ పద్ధతుల గురించిన రచనలు చాలావరకు ఎయిడ్స్ నివారణ కార్యక్రమాల చుట్టూ తిరుగుతాయి. అక్కడ అపవాదు, చట్టభయం, రోగభయం కలగలిసి ఉంటాయి కాబట్టి శాంపిల్ సమస్య ఏదో, మిగతా సమస్య ఏదో విడదీయడం కష్టం. అందుకే ఇక్కడ వేరే సమూహాన్ని ప్రధాన ఉదాహరణగా తీసుకుంటున్నాం. హైదరాబాద్‌లోని అశోక్‌నగర్, చిక్కడపల్లి, నారాయణగూడ గల్లీల్లో గదులు తీసుకుని ప్రభుత్వోద్యోగ పరీక్షలకు చదివే యువతీయువకులు వీరు. వీరిని దాచేవారు లేరు, వీరూ దాక్కోరు. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ నుంచి ఇందిరా పార్కు వైపు నడిస్తే వేల మంది ఎదురవుతారు. అయినా వీరిలోంచి సరైన శాంపిల్ తీయడం ఎంత కష్టమో ప్రయత్నించినవారికే తెలుస్తుంది.

అశోక్‌నగర్‌లో జాబితా ఎక్కడుంది?

నీళ్లు, నిధులు, నియామకాలు అన్న నినాదంతో 2014లో ఏర్పడిన తెలంగాణ రాష్ట్రంలో మూడో మాటను గట్టిగా పట్టుకున్న పేట ఇది. గల్లీకో స్టడీ హాల్, సందుకో మెస్, మూలమూలకూ మెటీరియల్ అమ్మే జిరాక్స్ షాపు, వీటన్నిటి నడుమ సిటీ సెంట్రల్ లైబ్రరీ. ఇక్కడి జనాభా పరీక్షల క్యాలెండర్‌ను బట్టి పెరుగుతుంది, తగ్గుతుంది. రాష్ట్రంలో ఉన్నతోద్యోగాల భర్తీకి జరిపే గ్రూప్-1 పరీక్ష కథే చూడండి. 503 పోస్టులకు 2022 ఏప్రిల్‌లో నోటిఫికేషన్ వచ్చింది. ఆ అక్టోబర్ 16న జరిగిన ప్రిలిమ్స్ ప్రశ్నపత్రాల లీకేజీ బయటపడ్డాక 2023 మార్చిలో రద్దయింది. జూన్ 11న మళ్లీ పెట్టిన పరీక్షను సెప్టెంబర్‌లో హైకోర్టు రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో కొత్త నోటిఫికేషన్ వచ్చి, జూన్ 9న ప్రిలిమ్స్, అక్టోబర్ 21 నుంచి 27 వరకు మెయిన్స్ జరిగాయి. తేదీ ప్రకటించినప్పుడల్లా గదులు నిండాయి. రద్దయినప్పుడల్లా కొందరు ఊరికి వెళ్లారు, కొందరు అద్దె కట్టలేక ఇంకొకరి గదిలో సర్దుకున్నారు, కొందరు ‘ఇంకో ఆర్నెల్లే గదా’ అని ఉండిపోయారు. కాబట్టి ‘అశోక్‌నగర్‌లో ఎంతమంది ఉన్నారు?’ అన్న ప్రశ్నకు నెలా సంవత్సరమూ చెప్పకుండా జవాబు లేదు.

జాబితాలు లేవా అంటే ఉన్నాయి, అరడజను ఉన్నాయి. పబ్లిక్ సర్వీస్ కమిషన్ దగ్గర దరఖాస్తుదారుల జాబితా ఉంది కానీ, అది ఇంటి దగ్గర కూర్చుని చదివేవారినీ, సరదాకు ఫీజు కట్టినవారినీ, అశోక్‌నగర్ గదిలో ఆరేళ్లుగా ఉన్నవారినీ ఒకే గాటన కట్టేస్తుంది. హాస్టల్ రిజిస్టర్ యజమాని సొత్తు. కోచింగ్ సెంటర్ హాజరు పట్టీలో ఫీజు కట్టగలిగినవారే ఉంటారు. ఓటరు జాబితాలో వీరిలో చాలామంది పేరు సొంత ఊళ్లోనే ఉంటుంది. ఒక్కో జాబితా ఒక్కో అశోక్‌నగర్‌ను చూపిస్తుంది. అన్నీ కలిపినా ఒకే గదిలో ముగ్గురి అద్దెకు నలుగురు ఉంటున్న నాలుగోవాడు దేనిలోనూ ఉండడు.

ఎవరిని లెక్కించాలన్న నిర్వచనం కూడా కదులుతూనే ఉంటుంది. 2024 ఫిబ్రవరిలో ప్రభుత్వం గరిష్ఠ వయోపరిమితిని 44 నుంచి 46 ఏళ్లకు పెంచింది. ఒక్క ఉత్తర్వుతో, నిన్నటిదాకా ‘మాజీ’ అనుకున్నవారు మళ్లీ సమూహంలో సభ్యులయ్యారు. పగలు ప్రైవేటు స్కూల్లో పాఠం చెప్పి రాత్రి చదివేవారు ఇందులోకి వస్తారా? రెండేళ్లుగా పుస్తకం ముట్టకపోయినా ఇంట్లో ‘చదువుతున్నా’ అనే చెబుతున్నవారో? పరిశోధకుడు ముందే ఒక గీత గీసుకోవాలి, ఆ గీత ఎక్కడ గీశాడో నివేదికలో చెప్పాలి. ఈ పని మానేసి నేరుగా శాంపిల్ పద్ధతి గురించి మాట్లాడే నివేదికలు తక్కువేమీ కాదు.

ఇంటింటికీ తిరిగే లెక్కలు

భారతదేశంలో పెద్ద సర్వేలు చాలావరకు కుటుంబాన్ని యూనిట్‌గా తీసుకుంటాయి. పొయ్యి ఒకటైతే కుటుంబం ఒకటి. 1950లో మొదలైన జాతీయ నమూనా సర్వే దీనికి తోడు కొన్ని నియమాలు పెట్టుకుంది. హాస్టల్లో ఉండే విద్యార్థిని ఏకసభ్య కుటుంబంగా లెక్కిస్తుంది. స్థిర నివాసమే లేని తిరుగుడు జనాన్ని వదిలేస్తుంది. అయితే వంతెన కిందో రోడ్డు పక్కనో ఇంచుమించు ఒకేచోట ఉండేవారిని చేర్చుకుంటుంది. అంటే కాగితం మీద అశోక్‌నగర్ హాస్టల్ అభ్యర్థికి చోటు ఉంది. ఎన్యుమరేటర్ పగలు పదకొండు గంటలకు తలుపు తట్టినప్పుడు ఆ ‘కుటుంబం’ లైబ్రరీలో ఉంటుంది. సమస్యల్లా అదే.

2014 ఆగస్టు 19న తెలంగాణలో ఒక్కరోజులో జరిపిన సమగ్ర కుటుంబ సర్వే ఈ సమస్యకు పెద్ద సాక్ష్యం. ఆరోజు సెలవు ఇచ్చారు. ఇంట్లో లేనివారికి పథకాలు అందవేమోనన్న భయంతో జనం బస్సులూ రైళ్లూ పట్టుకుని సొంత ఊళ్లకు పరుగెత్తారు. నగరంలో చదువుకునేవారూ, పని చేసేవారూ, రాష్ట్రం దాటి వలస వెళ్లినవారూ ఊరి చిరునామాలో లెక్కకెక్కారు. పాలనకు అది ఉపయోగపడి ఉండవచ్చు. నగరంలో ఎవరు ఎక్కడ బతుకుతున్నారో తెలుసుకోవాలనుకునే పరిశోధకుడికి మాత్రం, లెక్కించే చర్యే జనాన్ని కదిలించిన అరుదైన సందర్భం అది. పదేళ్ల తర్వాత, 2024 నవంబర్ 6న మొదలైన కులగణన సర్వే రోజుల తరబడి సాగినా 96.9 శాతం కుటుంబాలనే చేరింది. మిగిలిన 3.1 శాతానికి 2025 ఫిబ్రవరి 16 నుంచి 28 వరకు మరో అవకాశం ఇచ్చారు. మూడు శాతం చిన్న సంఖ్యలాగే కనిపిస్తుంది. అయితే ఆ మూడు శాతమూ రాష్ట్రమంతా సమంగా పరుచుకుని ఉండదు. తాళం వేసిన తలుపులు నగరాల్లోనే ఎక్కువ. దొరకని సమూహం మీద పరిశోధన చేసేవారికి కావలసిన మనుషులు ఆ తాళాల వెనకే ఉండే అవకాశం మెండు.

ఇళ్లు లేనివారికి జనగణన వేరే దారి వెతికింది. 2011లో ఫిబ్రవరి 28 రాత్రి ఫుట్‌పాత్‌లు, రైల్వే స్టేషన్లు, గుడి మెట్లు తిరిగి దేశంలో 17.73 లక్షల మందిని లెక్కగట్టింది. ఒకే రాత్రి అన్ని చోట్లా తిరగడం వల్ల ఒకే మనిషిని రెండుసార్లు లెక్కించే ప్రమాదం తగ్గుతుంది. ఆ రాత్రి ఆస్పత్రి వరండాలోనో కట్టడం పని జరిగే చోటో తలదాచుకున్నవారు మాత్రం తప్పిపోవచ్చు.

స్థలం, సమయం

మనుషులకు జాబితా లేకపోతే వారు చేరే చోట్లకు జాబితా తయారుచేయవచ్చు. దీన్ని టైమ్-లొకేషన్ శాంప్లింగ్ అంటారు. ముందు ఆ సమూహం ఎక్కడెక్కడ, ఏ వారం, ఏ వేళ పోగవుతుందో కొన్ని వారాలు తిరిగి పట్టిక వేస్తారు. ‘సోమవారం సాయంత్రం 5 నుంచి 8, ఫలానా కూడలి’ అనేది అందులో ఒక యూనిట్. అలాంటి వందల యూనిట్లలోంచి యాదృచ్ఛికంగా కొన్నింటిని తీసి, ఆ వేళకు అక్కడికి వెళ్లి, వచ్చినవారందరినీ లెక్కిస్తూ నిర్ణీత అంతరంలో ఒక్కొక్కరిని పలకరిస్తారు.

తెలుగు నేల మీద ఈ పద్ధతిని పెద్ద ఎత్తున వాడిన సందర్భం ఐబీబీఏ అనే సర్వే. హెచ్ఐవీ నివారణకు సంబంధించిన అవాహన్ కార్యక్రమంలో భాగంగా 2005–07 మధ్య దాని మొదటి విడత జరిగింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో హైదరాబాద్ సహా పలు జిల్లాలను ఎంచుకున్నారు. రాష్ట్రంలో ఆ పని బాధ్యత తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ తీసుకుంది. ఇళ్లలోనో ఒక నిర్ణీత చోటనో ఉండే సెక్స్ వర్కర్లకు మామూలు క్లస్టర్ శాంప్లింగ్, వీధుల్లో నిలబడేవారికి టైమ్-లొకేషన్ పద్ధతి, ఈశాన్య రాష్ట్రాల్లో మత్తుమందు ఇంజెక్షన్లు తీసుకునేవారికి తర్వాత చెప్పబోయే కూపన్ల పద్ధతి వాడారు. ఒకే సర్వేలో మూడు పద్ధతులు వాడటం గందరగోళంగా అనిపించవచ్చు. నిజానికి ఆ సర్వే రూపకల్పనలో అన్నిటికన్నా తెలివైన నిర్ణయం అదే. మనిషి ఏ తీరున మరుగున ఉన్నాడో, ఆ తీరుకు తగిన పద్ధతి.

అశోక్‌నగర్‌లో యూనిట్ల పట్టిక వేయడం సులువు. లైబ్రరీ రీడింగ్ హాలు, స్టడీ హాళ్లు, భోజనం వేళ మెస్‌లు, సాయంత్రం టీ బండ్లు, నగరంలోని 5 రూపాయల భోజన కేంద్రాలు. చిక్కు తర్వాత మొదలవుతుంది. రోజూ లైబ్రరీకి వచ్చేవారు వారానికొకసారి వచ్చేవారికన్నా ఏడు రెట్లు ఎక్కువగా దొరుకుతారు. అందుకే ప్రతి ఒక్కరినీ ‘గత వారం ఇక్కడికి ఎన్నిసార్లు వచ్చారు, ఇంకా ఎక్కడెక్కడికి వెళ్లారు?’ అని అడిగి, ఎక్కువ వచ్చేవారి భారాన్ని లెక్కలో తగ్గించాలి. ఎక్కడికీ రానివారికి మాత్రం ఏ భారమూ పనిచేయదు. గదిలోనే ఫోన్‌లో క్లాసులు వినేవారు, రాత్రి గేటు మూసే లేడీస్ హాస్టళ్లలో ఉండేవారు, పగలు పనిచేసి అర్ధరాత్రి చదివేవారు ఈ పట్టిక బయటే ఉంటారు. సాయంత్రం టీ బండ్ల దగ్గర తీసిన శాంపిల్ చూసి అశోక్‌నగర్‌లో అమ్మాయిలు తక్కువని రాసేస్తే, అది టీ బండ్ల గురించిన నిజమే తప్ప అశోక్‌నగర్ గురించినది కాదు.

ఫోన్లు వచ్చాక వీధి కూడళ్ల సెక్స్ వర్క్ విషయంలోనూ ఇదే జరిగింది. చోటు అవసరం తగ్గేకొద్దీ చోట్ల జాబితా ఉబ్బిపోయిందో, ఖాళీ అయిందో తేల్చడం కష్టమవుతుంది.

పరిచయాల దారి

ఒకరిని పట్టుకుని, ‘నీలాంటివాళ్లు ఇంకెవరు?’ అని అడిగి, వారి ద్వారా ఇంకొకరిని చేరడం పరిశోధన అంత పాత అలవాటు. దీనికి స్నోబాల్ శాంప్లింగ్ అన్న పేరుతో గణిత రూపం ఇచ్చినవాడు లియో గుడ్‌మన్, 1961లో. ఆయన వ్యాసంలో మొదటి వ్యక్తులను యాదృచ్ఛికంగా ఎంచుకోవాలన్న షరతు ఉంది. తర్వాత దాన్ని వాడినవారు చాలామంది ఆ షరతును హాయిగా మరచిపోయి, తెలిసినవారితోనే మొదలుపెట్టి, వారికి తెలిసినవారితో ముగించారు. మన విశ్వవిద్యాలయాల సిద్ధాంత వ్యాసాల్లో ‘స్నోబాల్ పద్ధతి వాడాం’ అన్న వాక్యానికి చాలాసార్లు ఇదే అర్థం.

1997లో అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త డగ్లస్ హెకథార్న్ ఈ పద్ధతికి కట్టుదిట్టాలు చేశాడు. దీన్ని రెస్పాండెంట్ డ్రివెన్ శాంప్లింగ్ అంటారు, పొట్టిగా ఆర్‌డీఎస్. పని జరిగే తీరు ఇలా ఉంటుంది. భిన్న వర్గాలకు చెందిన కొద్దిమందిని ‘విత్తనాలు’గా ఎంచుకుంటారు. ఇంటర్వ్యూ అయ్యాక ఒక్కొక్కరికీ సాధారణంగా మూడు కూపన్లు ఇస్తారు. వారు పరిశోధకుడికి ఎవరి పేరూ చెప్పనక్కర్లేదు. తమకు తెలిసినవారికి కూపన్ ఇస్తే చాలు, ఇష్టమున్నవారే సర్వే కేంద్రానికి వస్తారు. వచ్చినందుకు కొంత పారితోషికం, తీసుకొచ్చినందుకు మరికొంత. కూపన్ల సంఖ్య తక్కువ కావడం వల్ల పదిమంది తెలిసిన నాయకుడొకడు శాంపిలంతా తనవాళ్లతో నింపేయలేడు. గొలుసు పొడవు పెరిగేకొద్దీ మొదటి విత్తనాల ప్రభావం సన్నగిల్లుతుంది.

మిగిలిన మొగ్గు ఒకటుంది. ఎక్కువమంది తెలిసినవారికి కూపన్ అందే అవకాశం ఎక్కువ. నలభై మంది తెలిసిన ‘సీనియర్ అన్న’, అయిదుగురే తెలిసిన కొత్త కుర్రాడికన్నా ఎనిమిది రెట్లు సులువుగా శాంపిల్లోకి వస్తాడు. అందుకే లెక్క కట్టేటప్పుడు కుర్రాడి జవాబుకు ఎనిమిది రెట్ల భారం వేస్తారు.

ఈ ఆలోచన మూలాల్లో ఒక తెలుగువాడు ఉన్నాడు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, ప్రపంచ గణాంకశాస్త్రంలో పెద్ద పేరుగా నిలిచిన సి.ఆర్. రావు 1965లో భారిత విభాజనాల మీద ఒక వ్యాసం రాశాడు. పరిమాణాన్ని బట్టి కంటబడే అవకాశం పెరిగే చోట, చూసినదాన్ని చూసినట్టు లెక్కిస్తే వచ్చే పొరపాటుకు గణిత రూపం అది. రొనాల్డ్ ఫిషర్ 1934లో చెప్పిన విషయాన్ని ఆయన విస్తరించాడు. దానికి ఆయన చూపిన ఉదాహరణ ఎంత సాదాసీదాదంటే, క్లాసులోకి వెళ్లి మగ విద్యార్థులను మీకు అన్నదమ్ములెందరు, అక్కచెల్లెళ్లెందరు అని అడిగాడు. వాల్తేరు, తిరుపతి, హైదరాబాద్ మొదలుకుని టెహ్రాన్, టోక్యో దాకా లెక్కలు పోగేశాడు. విద్యార్థినీ కలుపుకుని చూస్తే ప్రతిచోటా మగపిల్లలు సగం కన్నా బాగా ఎక్కువ. కారణం, ఆడపిల్లలే ఉన్న ఇంటి నుంచి ఆ క్లాసుకు ఎవరూ రారు. మగపిల్లలు ఎక్కువున్న ఇల్లు శాంపిల్లోకి రావడానికి అవకాశమూ ఎక్కువే. జవాబిచ్చిన విద్యార్థిని లెక్కలోంచి తీసేస్తే నిష్పత్తి దాదాపు సగానికి వచ్చేస్తుంది. రావు 2023లో అంతర్జాతీయ గణాంక పురస్కారం అందుకుని, ఆ ఆగస్టులోనే కన్నుమూశాడు. హైదరాబాద్ విశ్వవిద్యాలయం ప్రాంగణంలో ఆయన పేరిట ఒక పరిశోధన సంస్థ ఉంది. ఆర్‌డీఎస్ నివేదిక రాసే మన విద్యార్థులు అమెరికన్ పేర్ల పక్కన ఈ పేరూ రాస్తే అది దేశాభిమానం కోసం కాదు, లెక్క ఎక్కడి నుంచి వచ్చిందో తెలియడం కోసం.

అశోక్‌నగర్‌లో ఆర్‌డీఎస్ చేస్తే ఎక్కడ చిక్కుపడుతుందో ఊహించడం కష్టం కాదు. గదులు జిల్లాలవారీగా, చాలాసార్లు మండలాలవారీగా నిండుతాయి. పాలమూరు గదిలో పాలమూరువాళ్లు, ఆదిలాబాద్ గదిలో ఆదిలాబాద్‌వాళ్లు. గ్రూప్-1 చదివేవారికి గ్రూప్-1 వాళ్లు, టీచర్ల నియామక పరీక్ష డీఎస్సీకి చదివేవారికి డీఎస్సీ వాళ్లు తెలుసు. మగవారి గదుల నుంచి లేడీస్ హాస్టల్‌కు కూపన్ దాటడం అరుదు. ఇలాంటి ఇరుకు దారులున్న చోట గొలుసు ఒకవైపే తిరుగుతూ ఉండిపోతుంది. ఆడవారికి వేరే విత్తనాలు, వేరే కేంద్రం పెట్టి, రెండు శాంపిల్స్‌గా చేయడమే మేలు.

భారాలు వేయడానికి అడిగే ప్రశ్న మరీ కీలకం. ‘ఈ మూడు పేటల్లో ఉంటూ పోటీ పరీక్షలకు చదివేవాళ్లలో, మీకు పేరుతో తెలిసి, మీ పేరు తెలిసి, గత నెలలో మీరు కలిసినవాళ్లు ఎంతమంది?’ జవాబులు పది, ఇరవై, యాభై దగ్గర కుప్పలు పడతాయి. ‘చానామంది ఉంటరన్నా’ అనే జవాబుకు అంకె వేయాల్సిన బాధ్యత ఇంటర్వ్యూ చేసేవారి మీద పడుతుంది. కూపన్లకు డబ్బు ముడిపడి ఉంటే, చదువు మానేసినవాళ్లూ వేరే పనిమీద వచ్చినవాళ్లూ అభ్యర్థులమని చెప్పుకుని వస్తారు. దీన్ని పట్టుకోవడానికి చదివేవారికే తెలిసే రెండు మూడు ప్రశ్నలు ముందే అడగాలి.

ఆర్‌డీఎస్ మీద నమ్మకం ఒకప్పుడున్నంత ఇప్పుడు లేదు. 2010లో శరద్ గోయెల్, మాథ్యూ సాల్గానిక్ ఈ పద్ధతిలో అంచనాల ఊగిసలాట అప్పటిదాకా అనుకున్నదానికన్నా చాలా ఎక్కువని చూపించారు. ఉగాండా గ్రామీణ ప్రాంతంలో జరిగిన ఒక పరీక్ష ఫలితాలు 2012లో వెలువడ్డాయి. అక్కడి కుటుంబ యజమానుల అసలు వివరాలు ముందే తెలుసు. వారి మీదే ఆర్‌డీఎస్ నడిపి చూస్తే, భారాలు వేసినా మొగ్గు పెద్దగా తగ్గలేదు. అలాగని దాన్ని పక్కన పడేయాల్సిన పని లేదు. ఐదు వందల మందిని ఆర్‌డీఎస్‌లో అడిగితే, మామూలు శాంపిల్లో వంద మందిని అడిగినంత కచ్చితత్వమో అంతకన్నా తక్కువో వస్తుందనుకుని లెక్క వేసుకుంటే మోసపోరు.

టెలిగ్రామ్ గ్రూపుల్లో గూగుల్ ఫారం పెట్టి మూడువేల జవాబులు తెచ్చుకోవడం ఇప్పుడు వాడుకగా మారింది. అందులో ఎవరికి ఎంత అవకాశం ఉందో ఎవరికీ తెలియదు కాబట్టి, మూడువేలైనా ముప్పైవేలైనా ఒకటే.

రెండు జాబితాల లెక్క

ఎంత శాతం అని కాకుండా ఎంతమంది అని అడిగినప్పుడు పనికొచ్చేది పట్టి వదిలి మళ్లీ పట్టే పద్ధతి. చేపల మీద 19వ శతాబ్దం చివర్లో పీటర్సన్ వాడాడు, అంతకుముందే లాప్లాస్ ఫ్రాన్స్ జనాభాకు ఇదే తర్కం వాడాడు. మనుషుల లెక్కల్లో దీనికి గట్టి పునాది వేసినవారిలో భారతీయ జనాభా శాస్త్రవేత్త సి. చంద్రశేఖరన్ ఒకరు. కలకత్తా దగ్గరి సింగూరు ప్రాంతంలో రిజిస్ట్రారు రాసిన జనన మరణాల జాబితానూ, ఇంటింటికీ తిరిగి రాసుకున్న జాబితానూ పోల్చి, రెండింటికీ చిక్కనివారెందరో అంచనా వేసే పద్ధతిని ఆయన ఎడ్వర్డ్స్ డెమింగ్‌తో కలిసి 1949లో ప్రకటించాడు. నేటికీ మన జననాల రేటు, శిశు మరణాల రేటు చెప్పే శాంపిల్ రిజిస్ట్రేషన్ వ్యవస్థ ఈ రెండు రికార్డుల సూత్రం మీదే నడుస్తుంది.

అశోక్‌నగర్‌కు అన్వయిస్తే, ఒక ఉజ్జాయింపు లెక్క ఇలా ఉంటుంది. ఒక వారం లైబ్రరీలో 400 మందికి ఒక చిన్న గుర్తు కార్డు ఇచ్చారనుకుందాం. మరుసటి వారం మెస్‌లలో 300 మందిని కలిస్తే వారిలో 60 మంది దగ్గర ఆ కార్డు ఉందనుకుందాం. మెస్‌లో ఐదో వంతు మంది కార్డున్నవారు కాబట్టి, 400 కూడా మొత్తంలో ఐదో వంతే. మొత్తం 2,000. లెక్క ఇంత సులువు కాబట్టే ప్రమాదం. లైబ్రరీకి వచ్చేవారే ఆ మెస్‌లలో తినేవారైతే కార్డులు ఎక్కువ కనిపిస్తాయి, మొత్తం అంచనా తగ్గిపోతుంది. అద్దె గదిలో వండుకు తినేవారు రెండింటికీ దొరకరు. రెండు వారాల మధ్య ఒక నోటిఫికేషన్ వస్తే లెక్క మొత్తం తలకిందులవుతుంది. చంద్రశేఖరన్, డెమింగ్ కూడా ఈ ముడి ఎరిగినవారే. జనాన్ని ఒకే తీరుగా ఉండే చిన్న గుంపులుగా విడగొట్టి, గుంపుకొక లెక్క వేసి కలపమని వారి సలహా. ఇక్కడైతే ఆడ, మగ, హాస్టల్, గది, జిల్లా అని విడగొట్టాలి.

పక్కదారులు

మనిషి దొరకనప్పుడు అతని గురించి తెలిసినవారిని అడగవచ్చు. మీకు తెలిసినవారిలో గల్ఫ్‌లో ఉన్నవారెందరు అని మామూలు జనాన్ని అడిగి, ఒక్కొక్కరి పరిచయాల విస్తృతితో భాగించి మొత్తం తీయడం నెట్‌వర్క్ స్కేల్-అప్ పద్ధతి. 1985 మెక్సికో భూకంపంలో చనిపోయినవారెందరన్న ప్రశ్న నుంచి ఇది పుట్టింది. కేరళ 1998 నుంచి చేస్తున్న వలస సర్వే మరో దారి పట్టింది. గల్ఫ్‌కు వెళ్లకుండా, వెళ్లినవారి ఇళ్లకు వెళ్లింది. కరీంనగర్, నిజామాబాద్ పల్లెలకు ఇది బాగా నప్పే పద్ధతి. ఇంటిల్లిపాదీ వెళ్లిపోయిన కుటుంబం మాత్రం ఇందులో లెక్కకు రాదు.

మనుషులను వదిలి వస్తువును లెక్కించడం ఇంకో తీరు. పాకీపని చేసేవారు తమ రాష్ట్రాల్లో లేరని ప్రభుత్వాలు చెబుతూ వచ్చిన రోజుల్లో, బెజవాడ విల్సన్ తదితరుల సఫాయి కర్మచారి ఆందోళన్ కార్యకర్తలు పొడి మరుగుదొడ్లను వెతికి, ఫొటోలు తీసి, నమోదు చేశారు. దొడ్డి ఉంటే దాన్ని ఎత్తేవారు ఉన్నట్టే. 2011 జనగణన ఇళ్ల జాబితాలోనూ మలాన్ని మనుషులే ఎత్తే దొడ్లు 7,94,390 అని తేలింది. ఒప్పుకోవడానికి సిగ్గుపడే పనిని, భయపడే పనిని ప్రశ్నావళితో కన్నా ఈ దారిలో పట్టుకోవడం మేలు.

జాబితా అంటే భయం

ఏ పద్ధతి వాడినా చివరికి ఒక మనిషి ఇంకొక మనిషిని నమ్మి మాట్లాడాలి. ఆ నమ్మకానికి చరిత్ర ఉంటుంది. 1871లో మొదలైన నేరస్త జాతుల చట్టాల కింద ఎన్నో సంచార కులాలను పేరుపేరునా రిజిస్టర్లకెక్కించి, పోలీసుల ముందు హాజరు వేయించారు. ఎరుకల కుటుంబాలను బందోబస్తుతో ఉంచిన స్టూవర్టుపురం అలా ఏర్పడిన సెటిల్‌మెంటే. ఆ చట్టాలు 1952 నాటికి పోయాయి. కానీ తాతల కాలం నుంచి రిజిస్టరంటే ఏమిటో తెలిసిన ఇంట్లో, ఎన్యుమరేటర్ ఫారం తీసి ‘పేరు?’ అనగానే వచ్చే మౌనాన్ని ‘స్పందన లేదు’ అని కోడ్ వేయడం సగం నిజమే.

అశోక్‌నగర్‌లో ఈ భయానికి మరో రూపం ఉంది. గ్రూప్-1 వాయిదా, రిజర్వేషన్ జీవోల మీద 2024 అక్టోబర్‌లో అశోక్‌నగర్ చౌరస్తాలో ఆందోళనలు జరిగాయి, పోలీసులు వచ్చారు. ప్రభుత్వోద్యోగం కోరుకునేవారికి కేసు అంటే ప్రాణభయం. ఆ వారంలో ఎవరైనా ఫారం పట్టుకుని ఏ హాస్టల్, ఏ గది నంబర్, ధర్నాకు వెళ్లావా అని అడిగితే వచ్చే జవాబులు ఏపాటివో చెప్పనక్కర్లేదు. పేరు అడగని కూపన్ పద్ధతికి ఇక్కడ నిజమైన బలం ఉంది. గది నంబరుకు బదులు కాలనీ పేరు, ఫోన్ నంబరుకు బదులు కూపన్ నంబరు చాలు. ఇంటర్వ్యూ చేసేవారు కూడా అక్కడ ఒకప్పుడు చదివినవారైతే, ‘ఏ జిల్లా తమ్మీ?’ అన్న ఒక్క మాటతో సగం పని అవుతుంది. అయితే అదే జిల్లావాడు అడిగితే, అప్పు ఎంత ఉందో చెప్పడానికి నామోషీ పడేవారూ ఉంటారు. డబ్బు విషయాలు అడిగే భాగాన్ని వేరే జిల్లావారికి అప్పగించడం మంచిది.

నివేదికలో ఉండాల్సినవి

ఆర్‌డీఎస్ ఫలితాలను ఎలా రాయాలో 2015లో ఒక అంతర్జాతీయ మార్గదర్శకం వచ్చింది. విత్తనాలెందరు, ఎందుకు ఎంచుకున్నారు, ఎన్ని కూపన్లు ఇచ్చారు, ఎన్ని తిరిగొచ్చాయి, గొలుసులు ఎంత పొడవు సాగాయి, భారాలు ఎలా వేశారు అన్నవన్నీ అందులో ఉన్నాయి. అశోక్‌నగర్ లాంటి చోట చేసే సర్వేకు వీటితోపాటు మరి రెండు వివరాలు తప్పనిసరి. ఒకటి, ఏ పద్ధతి ఎవరిని తప్పించిందో పేరు పెట్టి చెప్పడం, అంటే లేడీస్ హాస్టళ్లు, వండుకు తినే గదులు, రాత్రి చదివేవారు అని విడివిడిగా. రెండోది, సర్వే తేదీల పక్కన పరీక్షల తేదీలు. మెయిన్స్‌కు ముందు వారం లైబ్రరీలో కూర్చున్నవారూ, ఫలితాలు వచ్చిన తర్వాతి వారం అదే కుర్చీల్లో కూర్చున్నవారూ వేర్వేరు సమూహాలు. వారి జవాబులను ఒకే పట్టికలో కలిపి సగటు తీయకూడదు.